ఆడపడుచు బండి

“ఇల్లు ఇంతే కదా, ఇంక నీకు పనేముంది?” అన్నాడు మా ఆయన గ్లెన్. నేనప్పుడు కంచాల మధ్య తువ్వాళ్ళు పెడుతున్నాను.

బండి కదిలే ముందు ప్రతిసారీ చేసే పనే అది. ఇల్లు కదిలితే ఇంట్లో ఉన్న ప్రతిదీ కదులుతుంది. కంచానికీ కంచానికీ మధ్య ఒక తువ్వాలు, గాజు గ్లాసులకి గ్లెన్ పాత మేజోళ్ళు, ఫ్రిజ్ తలుపుకి పట్టీ, కాఫీ మెషీన్‌ని సింకులో పడుకోబెట్టి చుట్టూ దిండ్లు. నేను ఇవన్నీ చేస్తున్నంతసేపూ అతను డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంజన్ వేసి ఉంచుతాడు. “అయిందా?” అంటాడు. కాసేపాగి “ఇంకా కాలేదా?” అంటాడు. సాయంత్రం ఎక్కడో ఆగుతాం. అప్పుడు ఆ తువ్వాళ్ళన్నీ తీసి మడతలు పెడతాను. మా ఊరు కీర్నీలో, మా ఇంట్లో ఒక జీవితకాలం వంట చేశాను గానీ, కంచాలకి పక్కలు వేసి జోకొట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

రిటైరయ్యాక మోటర్‌హోమ్, అంటే చక్రాల మీద ఇల్లు, కొనుక్కుని దేశమంతా తిరగాలన్నది గ్లెన్ కల. మా కల అని అందరికీ చెప్పేవాడు. వినీ వినీ నేను కూడా మా కలే అనేదాన్ని. బండి చూడటానికి వెళ్ళినరోజు అమ్మే కుర్రాడు అతన్ని ముందుకి తీసుకెళ్ళి ఇంజన్ చూపించాడు, నన్ను లోపలికి తీసుకెళ్ళి ఓవెన్ చూపించాడు. “టర్కీ కోడి మొత్తం పడుతుందమ్మా ఇందులో” అన్నాడు. నేను స్నానాలగది తలుపు తీసి చూశాను. నిలబడి మోచేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి. పాత ఇంట్లో నాకంటూ గడియ పెట్టుకునే చోటు స్నానాలగది ఒక్కటే ఉండేది. అందులో కాళ్ళు చాపుకునే తొట్టి ఉండేది. నీళ్ళు చల్లారేదాకా అందులో పడుకుని ఏమీ ఆలోచించకుండా ఉండేదాన్ని. ఇప్పుడు టాంకులో నీళ్ళు అయిపోతాయని గ్లెన్ తలుపు బయట నిలబడి చెబుతుంటాడు, “తడుపుకో, కుళాయి కట్టెయ్, సబ్బు రుద్దుకో, అప్పుడు విప్పు.” నా ఒళ్ళు నేను కడుక్కోవడానికి కూడా అరవై ఆరేళ్ళొచ్చాక ఒకరు పాఠం చెప్పాలి.

పాఠాలు చెప్పడం అతని వృత్తి. కీర్నీ హైస్కూల్లో డ్రైవింగ్ మాస్టారు. మా ఊళ్ళో స్టీరింగ్ పట్టినవాళ్ళలో సగంమందికి అతనే గురువు. వణుకుతూ వచ్చిన పదహారేళ్ళ పిల్లల్ని మూడు వారాల్లో మంచు రోడ్డు మీద నడిపించేవాడు. పక్కసీటు కింద తనకి వేరే బ్రేకు ఉండేది. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేయడానికి రోజూ కారు నడుపుకుంటూ వెళ్ళేదాన్ని. ఎప్పుడూ దేన్నీ గుద్దలేదు. అయినా ఈ బండి స్టీరింగ్ నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అడిగితే, “ఇది కారు కాదు నడీన్. వెనకచక్రాలు ఎక్కడున్నాయో నీకు తెలీదు” అంటాడు. ఎక్కడున్నాయో నాకు బాగా తెలుసు. ఆగిన ప్రతిచోటా వాటి వెనకాల నిలబడేది నేనే.

అదొక తంతు. ఇలాంటి బళ్ళు ఆపుకునే పార్కుల్లో, బండిని మనకిచ్చిన చోట్లోకి వెనక్కి నడిపి నిలపాలి. నేను దిగి, వెనకాల నిలబడి చేతులు ఊపాలి. చుట్టుపక్కల బళ్ళవాళ్ళు మడతకుర్చీలు ఇటువైపు తిప్పుకుంటారు. ఎడారిలో టీవీ లేని సాయంత్రాల్లో ఇదే వాళ్ళకి కాలక్షేపం. “ఎడమకి” అని నేను అరిస్తే, “నీ ఎడమా, నా ఎడమా?” అని అతను అరుస్తాడు. “నీదే” అంటే, “మరి చెయ్యి అటు చూపిస్తావేం?” అంటాడు. ఒకసారి చెట్టుకొమ్మ బండి నెత్తిన గీరుకుంది. నేను అప్పటికే ఆపమని రెండు చేతులూ ఎత్తాను. గ్లెన్ దిగివచ్చి, అందరూ వింటుండగా, “అద్దంలో నువ్వు కనపడకపోతే నువ్వు లేనట్టే లెక్క. అద్దంలో కనపడేచోట నిలబడాలని ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాడు. పక్కబండి పెద్దాయన నవ్వు ఆపుకోడానికి తన కుక్కకి ఏదో చెప్పాడు.

ఆ రోజు చీకటి పడకముందే మార్లిస్ వచ్చింది.

మార్లిస్ గ్లెన్ అక్క. నాకు ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు. కీర్నీ అవతల పల్లెల్లో, మట్టిరోడ్ల మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసింది. నిరుడు రిటైరై, ఎవరో సామాన్లు చేరవేయడానికి వాడి వదిలేసిన తెల్లవాన్ ఒకటి కొని, లోపల మంచం కొట్టించుకుని, ఈ చలికాలం మాతోపాటు అరిజోనా తిరుగుతానంది. తమ్ముడికి దగ్గరగా ఉంటుందని గ్లెన్ మురిసిపోయాడు. మా పక్కనే ఆమె చోటు. వచ్చింది, ఒకసారి దిగింది, నడుంమీద చేతులుపెట్టుకుని నేల చూసుకుంది, ఎక్కింది, ఒక్కతోపుతో వెనక్కి తెచ్చి నిలబెట్టేసింది. కుర్చీలు తిప్పుకున్న జనానికి చూసేందుకు ఏమీ మిగల్లేదు. “అదీ నడపడమంటే” అన్నాడు గ్లెన్, నావైపు చూస్తూ.

ఆ క్షణం నా కడుపులో రగిలిన మంటకి అసలు పేరు పెట్టుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. ఎందుకంటే అంతవరకూ మార్లిస్ విషయంలో నాకు అలవాటైనది జాలి. మా అత్తగారు ఓపల్ లేచి తిరిగినన్నాళ్ళూ, థాంక్స్‌గివింగ్ భోజనాలకి అందరం చేరినప్పుడల్లా, “పాపం మార్లిస్” అని ఒక నిట్టూర్పు విడిచేది. మేం కోడళ్ళం కూడా ఆ నిట్టూర్పు అందుకునేవాళ్ళం. పాపం మార్లిస్‌కి ఎవరూ లేరు. పాపం మార్లిస్ ఒక్కతే తింటుంది. వెళ్ళేటప్పుడు మిగిలిన గుమ్మడికాయ ‘పై’, ఆ తీపిరొట్టెని, రేకులో చుట్టి ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఒకరి మీద జాలిపడుతూ కూర్చోవడంలో ఎంత సుఖముందో, ఆ కుర్చీ కిందనుంచి లాగేసేదాకా తెలియదు. ఇప్పుడు ఆ పాపం మార్లిస్ పొద్దున్నే వాన్ తలుపు తెరుచుకుని, గడపమీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకుని, సార్డీన్ చేపల డబ్బా విప్పుకుని, బిస్కెట్లతో తింటుంది. ఆ డబ్బా పారేస్తుంది. వంటయిపోయింది, గిన్నెలు కడగటం అయిపోయింది. అప్పటికి నేను మా బండిలో గ్లెన్‌కి గుడ్లు వేస్తూ, బేకన్ నూనె గోడలకి చింది వాసన పట్టకుండా చిన్న ఫాన్ పట్టుకుని నిలబడి ఉంటాను. కిటికీలోంచి ఆమె పాదాలు కనిపిస్తాయి. ఊగుతూ ఉంటాయవి.

సాయంత్రాలు ఇంకా కష్టంగా ఉండేవి. అయిదయ్యేసరికి మార్లిస్ మడతకుర్చీ చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేది. “ఒక ప్లేటు ఎక్కువ, అంతే కదా” అన్నాడు గ్లెన్ మొదటిరోజే. అంతే మరి. పోర్క్ చాప్స్ ముగ్గురికి, బంగాళాదుంపలు ముగ్గురికి. వాళ్ళిద్దరూ బయట కాళ్ళు చాపుకుని కూర్చుని టైర్లలో గాలి గురించి, ఏ దారిలో ఎత్తు ఎక్కువో, ఎక్కడ డీజిల్ మంచిదో మాట్లాడుకునేవారు. “రేపు దక్షిణం దారి పడదామా, ఏమంటావు?” అని గ్లెన్ ఆమెని అడిగేవాడు. నన్ను ఏనాడూ ఏ దారీ అడగలేదు. నేను అడిగితే, “నువ్వు హాయిగా కూర్చో, నేనున్నాగా” అనేవాడు. దాన్ని ప్రేమ అనుకున్నాను, చాలాకాలం. కిటికీ జాలీలోంచి వాళ్ళ నవ్వులు వినపడుతుంటే ఉల్లిపాయలు కోస్తూ అనుకునేదాన్ని: ఈమెకి మొగుడు లేని సుఖమూ కావాలి, మొగుడున్నవాళ్ళింటి భోజనమూ కావాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు మాత్రం పొరుగింటి సార్డీన్ డబ్బా మీద మనసు పడింది.

ఎవరి మీద కుళ్ళుకుంటున్నానో తెలుసు, దేనికో తెలియదు. గ్లెన్ తన అక్కని గౌరవంగా చూస్తున్నాడనా? అక్కాతమ్ముళ్ళు నవ్వుకుంటే నాకేం నష్టం? ఒకరోజు మార్లిస్ ఎవరికీ చెప్పకుండా వాన్ తీసుకుని కొండవైపు వెళ్ళిపోయి, మర్నాడు మధ్యాహ్నం ఒళ్ళంతా దుమ్ముతో తిరిగొచ్చింది. ఎక్కడికెళ్ళావని గ్లెన్ అడిగితే, “ఊరికే. ఆ మలుపు తర్వాత ఏముందో చూద్దామనిపించింది” అంది. ఆ మాటకి నాకు ఆ రోజంతా తిండి సయించలేదు. నేను మా బండి చుట్టూ ఊడ్చాను. ఎడారిలో ఊడ్చేదాన్ని అరిజోనా మొత్తంలో నన్నొక్కదాన్నే చూసి ఉంటారు.

ఆ వారమే గ్లెన్ పడ్డాడు. బండి నెత్తిమీద సోలార్ పలకలు దుమ్ము పట్టాయని నిచ్చెన వేసుకుని ఎక్కాడు. “గాలి ఎక్కువుంది, దిగిరా” అని నేనన్నాను. “నిచ్చెన పట్టుకో, మాటలెందుకు” అన్నాడు. పట్టుకున్నాను. దిగేటప్పుడు ఆఖరి మెట్లు చూసుకోక, పక్కకి ఒరిగి, కుడిచెయ్యి కిందపెట్టి నేలమీద పడ్డాడు. మణికట్టు వంకర తిరిగింది. మార్లిస్ పరిగెత్తుకొచ్చి, ఒక పత్రికని చుట్టి కట్టు కట్టి, అతన్ని తన వాన్ ముందుసీట్లో కూర్చోబెట్టింది. నేను వెనకాల ఆమె మంచం అంచున కూర్చున్నాను. దారిపొడుగునా వాళ్ళిద్దరి తలలే చూస్తున్నాను. “నువ్వుండబట్టి సరిపోయింది మార్లిస్” అన్నాడతను. నిచ్చెన పట్టుకున్నదాన్ని నేను. ఆ ఊరి చిన్న క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక రెండుచోట్ల విరిగిందనీ, టూసాన్ వెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించి కట్టు వేయించుకోవాలనీ చెప్పారు. ఆరు వారాలు చెయ్యి కదపకూడదు.

టూసాన్ మూడు గంటల దారి. రెండు బళ్ళు. నడపగలిగినవాళ్ళు గ్లెన్ లెక్కలో ఒక్కరే.

“మార్లిస్ మన బండి నడుపుతుంది. తన వాన్ ఇక్కడే ఉంచి, తర్వాత ఎవరినైనా పట్టుకుని తెప్పించుకుందాం” అన్నాడు.

“ఎవరినో ఎందుకు? నడీన్ లేదూ?” అంది మార్లిస్.

“నడీన్‌కి అలవాటు లేదు.”

“అలవాటు కావడానికి ఎంతసేపు? ఊరికే కాస్త పెద్ద కారు అది.” నావైపు తిరిగి తాళాలు చాపింది. “క్లచ్ లేదు. కుడి అద్దం కొంచెం వదులు, పట్టించుకోకు. సార్డీన్లు మంచం కింద ఉన్నాయి.”

మార్లిస్ మా బండి డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చుంది. గ్లెన్ ఎడమచేత్తోనే ఆమెకి అద్దాలు సర్దాడు, సీటు ముందుకి జరిపాడు, ఏ మీట ఏమిటో ఓపిగ్గా చెప్పాడు. మా పెళ్ళయ్యాక అంత ఓపిగ్గా నాకేదైనా చెప్పాడా అని వెతుక్కున్నాను. దొరకలేదు. కంచాల మధ్య తువ్వాళ్ళు పెట్టడం ఆ పూట మర్చిపోయాను. కావాలనే మర్చిపోయానేమో. మొదటి మలుపు దగ్గర మా బండిలోంచి ఏదో భళ్ళున పగిలిన చప్పుడు నాకు వాన్‌దాకా వినిపించింది.

మొదట్లో వాళ్ళ వెనకే వెళ్ళాను. నా ఇల్లు నా ముందర పోతోంది. అందులో నా మంచం, నా గిన్నెలు, నా మొగుడు. దాన్ని ఇంకో ఆడది నడుపుతోంది. వింతగా ఉంది కానీ ఏడుపు రాలేదు. ముందు అద్దంలోంచి ఇల్లు ఎంత పెద్దగా, ఎంత ఊగుతూ పోతుందో మొదటిసారి చూశాను. కొంతదూరం పోయాక నా చేతులు స్టీరింగ్ మీద వదులయ్యాయి. రోడ్డుకి రెండువైపులా నిలువెత్తు జెముళ్ళు చేతులెత్తి నిలబడ్డాయి. కిటికీ దించాను. గ్లెన్‌కి దుమ్ము పడదు, కిటికీలు ఎప్పుడూ ఎత్తే ఉంటాయి. రేడియోలో ఎవరో స్పానిష్‌లో నవ్వుతూ మాట్లాడుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఉంచేశాను. “తగ్గించు” అన్నవాళ్ళు లేరు. కాసేపటికి ఒక బోర్డు కనిపించింది, కొండమీద నుంచి లోయ చూసే చోటు అని. నా చెయ్యి తనంతట తనే సిగ్నల్ వేసింది. మా బండి ముందుకి వెళ్ళిపోయింది, నేను పక్కకి తిరిగాను. ఎందుకు ఆగుతున్నావు అని ఎవరూ అడగలేదు. పై కొసకి పోయి ఇంజన్ ఆపాను.

వెనక్కి వెళ్ళి చూస్తే ఆమె సామాను ఎంతుందో తెలిసింది. మేకుకి వేలాడేసిన కప్పు ఒకటి. చెంచా ఒకటి. సర్దని పక్క. ఎవరికోసమూ సర్దక్కర్లేని పక్క అది. వెనక తలుపుకి లోపలి గడియ. ఆ గడియ వేశాను. ఎవరూ లేని కొండమీద ఎందుకు వేశానో చెప్పలేను. ఒక డబ్బా విప్పుకుని ఆ చెంచాతోనే తిన్నాను. ఉప్పగా, నూనెగా, ఏమంత బాగాలేదు. చివరిదాకా తిన్నాను. అప్పుడు తెలిసింది నా కుళ్ళు దేనికో. గ్లెన్ ఆమెని మెచ్చుకోవడానికి కాదు. ఆమె బాగా నడపడానికి కూడా కాదు. ఆ మేకుకి ఒకే ఒక కప్పు ఉంది. దానికి. నాకు మొగుడి మీద ద్వేషమేమీ లేదు. అతని మంచితనాన్ని నేను కాదనను. పిల్లలు పుట్టలేదని నన్ను ఎవరేమన్నా పడనివ్వలేదు. కానీ నా కప్పు ఏనాడూ ఒంటరిగా వేలాడలేదు, దాని పక్కన ఎప్పుడూ ఇంకొకటి ఉండేది, ముందు నింపాల్సింది అదే. ఇరవై రెండేళ్ళకే పుట్టింటి నుంచి అత్తింటికి వచ్చినదాన్ని. ఒక గదిలో ఒక్కదాన్నే నిద్రపోయిన రాత్రులు నా జన్మలో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. మార్లిస్ మీద నాకు పుట్టింది మామూలు ఈర్ష్య కాదు. ఆకలిగొన్నవాడు అన్నం తినేవాణ్ణి చూస్తాడే, అలాంటిది.

టూసాన్ చేరేసరికి ఆలస్యమైంది. “ఏమైపోయావు? అద్దంలో కనపడకపోయేసరికి ప్రాణం పోయింది” అన్నాడు గ్లెన్. నిజంగానే అతని మొహం పాలిపోయింది. “లోయ చూస్తూ ఆగాను” అన్నాను. అతను మార్లిస్‌వైపు చూశాడు, ఈమెకేమైందన్నట్టు. మార్లిస్ టైర్లు చూసుకుంటోంది.

కట్టు వేయించుకుని వచ్చాక, ఆ సాయంత్రం భోజనం దగ్గర గ్లెన్ ప్రణాళిక చెప్పాడు. “వసంతం వచ్చేదాకా మార్లిస్ మనతోనే ఉండి మన బండి నడుపుతుంది. వాన్ ఇక్కడ పార్కులో పెట్టేస్తే సరి. సోఫా విప్పితే మంచమే. నడీన్, నీకూ తోడు.” అడగలేదు, చెప్పాడు. మార్లిస్ ఫోర్కుతో బంగాళాదుంప ముక్కని అటూ ఇటూ జరిపింది. తర్వాత చిన్నగా నవ్వింది. అది నాకు బాగా తెలిసిన నవ్వు. రోజూ అద్దంలో చూసుకునే నవ్వు.

మర్నాడు పార్కులోని లాండ్రీ గదిలో ఇద్దరం బట్టలు వేసి, మెషీన్ల ముందు బెంచీ మీద కూర్చున్నాం. వాన్ తాళాలు ఇంకా నా జేబులోనే ఉన్నాయి. ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు.

“ఉంటావా?” అన్నాను.

“ఉండకపోతే ఎట్లా? తమ్ముడికి చెయ్యి విరిగింది. ఒంటరిదాన్ని, నాకేం పనులున్నాయి?” మెషీన్‌లో తిరుగుతున్న బట్టలవైపు చూస్తూ అంది. “అమ్మ మంచానపడ్డప్పుడూ అంతే. మీకందరికీ సంసారాలు. నాకు లేదు కాబట్టి నేను. తొమ్మిదేళ్ళు. పొద్దున్నే ఆమెకి ఒళ్ళు తుడిచి, ఉత్తరాలు పంచి, వచ్చి మళ్ళీ తుడిచేదాన్ని. ఆఖర్లో నన్ను పనిమనిషి అనుకునేది. పోయాక, ఇంక ఎవరికీ వండనని ఒట్టు పెట్టుకున్నా.”

“ఇంత కష్టపడ్డావని మాకెవరికీ నువ్వు చెప్పలేదే.”

“చెప్తే ఏంచేసేవాళ్ళు? ఇంకో ‘పై’ ముక్క రేకులో చుట్టి ఇచ్చేవాళ్ళు.” ఆమె నావైపు తిరిగింది. “నాకు గుమ్మడికాయ ‘పై’ అంటే అసహ్యం నడీన్. నువ్విచ్చినవన్నీ దారిలో ఓ పాతగేటు దగ్గర కుక్కకి వేసేదాన్ని. అది బాగా బలిసింది.”

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. “నీమీద నాకు ఒళ్ళు మండిపోతోంది మార్లిస్” అన్నాను. “నీ బండి మీద, నీ కప్పు మీద. వచ్చిన రోజునుంచీ. నీకు తెలుసా?”

“కిటికీలోంచి నువ్వు చూసే చూపుకి నా పాదాలు కాలిపోయేవి. తెలీకేం?” అంది. “నాకూ కోపమే నీమీద. ఏళ్ళతరబడి నన్ను చూసి పాపం అన్నావు. అంటుంటే నీ మొహం ఎంత తృప్తిగా ఉండేదో.”

నేను మెషీన్ గాజుతలుపులో నా మొహం చూసుకున్నాను.

ఒక మాట నిజంగా చెప్పాలి. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నాలో ఒక మూల ఆశపడుతూనే ఉంది. నేనేమీ అనకుండా ఊరుకుంటే చాలు. ఆమె నా ఇంట్లో, నేను ఆమె వాన్‌లో. సోఫా మీద ఆమె ఎందుకు, నేను వాన్‌లో పడుకుంటాను, గ్లెన్ చేతికి చోటు కావాలిగా అంటే ఎవరూ కాదనరు. ఇన్నాళ్ళూ ఆమె దగ్గరున్నదేదో అది నాకు వచ్చేస్తుంది, నా దగ్గరున్నది ఆమెకి పోతుంది. ఈర్ష్య కోరేది సరిగ్గా అదే. కానీ భోజనం దగ్గర ఆమె నవ్విన నవ్వు మళ్ళీ కళ్ళముందు మెదిలింది. అది నా మొహం మీద ఉన్నప్పుడు ఎవరూ గమనించలేదు. ఆమె మొహం మీద ఉండగా నేను గమనించాను. చూశాక చూడనట్టు ఉండటం నాకు చేతకాలేదు.

జేబులోంచి తాళాలు తీసి బెంచీ మీద ఇద్దరి మధ్యా పెట్టాను. పెట్టడానికి చాలా కష్టమైంది. “నాకు మా బండి నడపడం నేర్పు” అన్నాను. “నేర్పి, నీ దారిన నువ్వు వెళ్ళిపో.”

నాలుగు రోజులు పొద్దున్నే నేర్పింది. ఆదివారంనాడు తప్ప జనం లేని చర్చి పార్కింగ్ స్థలంలో, ప్లాస్టిక్ బకెట్లు పెట్టి, వాటి మధ్య తిప్పించింది. గ్లెన్ బండి వెనక మంచం మీద మందుల మత్తులో పడుకుని ఉండేవాడు. మొదటిరోజు బకెట్లు మూడు నలిగాయి. “పోనీలే, బకెట్లు అరవవుగా” అంది మార్లిస్. ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. చివరిరోజు నేను బండిని రెండు గీతల మధ్య నిలబెట్టి ఇంజన్ ఆపితే, ఆమె సీట్లోంచి లేచి, నా భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఉంచి తీసేసింది. మధ్యాహ్నానికల్లా టెక్సస్ సముద్రతీరం వైపు వెళ్ళిపోయింది. వాన్ రోడ్డు మలుపు తిరిగి మాయమవుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. కుళ్ళు పోతుందనుకున్నాను. ఆమె వెనకాలే రోడ్డంతా పరుచుకుంది తప్ప పోలేదు.

గ్లెన్ రెండురోజులు గొణిగాడు. పార్కులో చోటు గడువు తీరాక వేరే దారిలేక పక్కసీట్లో కూర్చున్నాడు. ఉత్తరాన కొండల్లోని చెరువు దగ్గరికి నేను బండి నడిపాను. ప్రతి మలుపుకీ అతని కుడికాలు నేలని అదుముతూనే ఉంది. పాత స్కూలు కారులో బ్రేకు ఉండేదే, అక్కడ. ఇక్కడ ఏ బ్రేకూ లేదు. చేరాక, వెనక్కి నిలిపేటప్పుడు, కట్టుచేత్తో దిగి వెనకాల నిలబడబోయాడు. వద్దన్నాను. రెండుసార్లు దిగి చూసుకుని, మూడోసారికి నిలిపాను. గ్లెన్ చుట్టూ చూశాడు. పక్క చోట్లో పొయ్యి రాజేసుకుంటున్న ఒకాయన, “మీ ఆవిడ భేషుగ్గా నడుపుతోందే” అన్నాడు.

“మరి? నేర్పింది ఎవరనుకున్నారు?” అన్నాడు గ్లెన్.

ఇంజన్ ఇంకా వేడిగా ఉంది. నేను లోపలికి వెళ్ళి, కంచాల మధ్య తువ్వాళ్ళు తీసి, మడతలు పెట్టి, పొయ్యి మీద పెనం పెట్టాను. గ్లెన్ కాసేపటికి లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చాలా సంతోషంగా ఉన్నాడు. “చెప్పుకోవాలంటే ఇది మంచికే జరిగింది” అన్నాడు. “ఇప్పుడు నువ్వు నడపగలవు, వండగలవు. నాకు చెయ్యి బాగయ్యాక కూడా దూరం ప్రయాణాల్లో ఒకరికొకరం మార్చుకోవచ్చు. నాకు కాస్త విశ్రాంతి ఉంటుంది. ఇంకేం కావాలి మనకి?”

నేను పెనం కింద మంట తగ్గించాను. మొత్తం రోజు నడిపినదాన్ని నేను, నిలిపినదాన్ని నేను, ఇప్పుడు ఇక్కడ నిలబడ్డదాన్నీ నేనే. నేర్చుకున్న ప్రతి విద్యా నాకు ఇంకో పనిగా మారిపోతోంది. ఈ పెద్దబండిలో నేను ఏ సీట్లో కూర్చున్నా ఇల్లు ఇదే, రెండు కప్పులు ఇవే. ఇంతవరకూ ఏమీ అడగకుండా ఉండిపోవడానికి కారణం గ్లెన్ కాదంటాడని కాదు. అడగాల్సింది ఏమిటో నాకు తెలియలేదు. కోపంలో లేను. అంత తేటగా మనసు ఎప్పుడూ లేదు.

“నీ కట్టు విప్పాక ఈ బండి అమ్మేద్దాం గ్లెన్” అన్నాను.

అతను తలెత్తాడు. “అమ్మి? కీర్నీ వెళ్ళిపోదామనా? ఇల్లు కూడా అమ్మేశాం కదే.”

“కీర్నీ కాదు. తిరుగుదాం. రెండు చిన్నవి కొందాం. నీదొకటి, నాదొకటి.”

గ్లెన్ నవ్వాడు. నవ్వుతూ నా మొహం చూశాడు. నవ్వు ఆగింది. ఎడమచేత్తో బల్లమీద ఉప్పుసీసాని జరిపి, మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతన్ని చూస్తే నాకు జాలి వేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

“ఎక్కడైనా మొగుడూ పెళ్ళాం రెండు బళ్ళల్లో తిరుగుతారా నడీన్?” అన్నాడు చివరికి, మెల్లగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. “ఎట్లా ఉంటుందది?”

“పక్కపక్కనే ఆపుకుందాం” అన్నాను. “కొన్ని రాత్రులు.”